రాజావారి టీవీకి ఎంత ఎత్తు?

గుమ్మలూరు సంస్థానం పోయి చాలా కాలమైంది. రాజావారు మాత్రం ఉన్నారు. ఆయన ఉన్నారు గనక దర్బారూ ఉంది. రోజూ సాయంత్రం దివాణం హాల్లో రాజా జగన్నాథ భూపతివారు కుర్చీలో కూర్చుంటే, ఆస్థానమంతా చాపల మీద కూర్చునేది.

ఒకరోజు ఆ హాల్లోకి టీవీ వచ్చింది.

"దీన్ని ఎక్కడ పెట్టాలో తేల్చండి," అన్నారు రాజావారు. "ఒకటే షరతు. నా దర్జాకి లోటు రాకూడదు."

దర్జా అన్న మాట వినబడితే చాలు, ఆస్థాన వాస్తు పండితులు నృసింహ సోమయాజులుగారికి పూనకం వచ్చేది. ఆయన రాజావారిని గోడ పక్కన నిలబెట్టి, జరీ తలపాగా పెట్టించారు. తలపాగా కుచ్చుకి పైన ఇంకో జానెడు కొలిచి బొగ్గుతో గీత గీశారు.

"ప్రభువుల తల ఒకరి ముందు వంగకూడదు. పెట్టె ఇక్కడ ఉండాలి!"

"భేష్!" అన్నారు రాజావారు.

గోడకి ఇనప కమ్ములు దిగాయి, కమ్ముల మీదికి టేకు చెక్క ఎక్కింది, చెక్క మీదికి టీవీ ఎక్కింది. దాని మీట తిప్పాలంటే నౌకరు స్టూలు ఎక్కాల్సి వచ్చేది.

అసలు దెబ్బ ఆస్థాన హాస్యగాడు పేరిశాస్త్రికి తగిలింది. అతని దగ్గర ఉన్నవే నాలుగు చెణుకులు. రెండు తండ్రిగారివి, ఒకటి పక్క సంస్థానం నుంచి కొట్టుకొచ్చింది. నాలుగోది సొంతం, దానికి ఇంతవరకూ ఎవరూ నవ్వలేదు. ఈ నాలుగింటినీ తిరగేసి బోర్లేసి ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాడు. టీవీ వచ్చాక ఆ బండీ ఆగిపోయింది. రాజావారు నవ్వడం మానేశారు. కాఫీ బాగాలేదనీ, దీపాలు బాగాలేవనీ అందరి మీదా చిరాకు పడడం మొదలుపెట్టారు.

"ఏమయ్యా శాస్త్రీ, ఆ పెట్టెలో పూటకో కొత్త హాస్యం వస్తోంది. నీ పాచి మాటలు ఎన్నాళ్ళు వినమంటావు? రేపు నన్ను నవ్వించావా, సరే. లేదా, నీ చాప చుట్టుకో!"

పేరిశాస్త్రికి కాళ్ళకింద భూమి కదిలింది. ఈ వయసులో ఇంకో కొలువు ఎవరిస్తారు? అతనికి హాస్యం తప్ప ఇంకే పనీ రాదు. అదీ రాదని ఇప్పుడే తెలిసింది.

"ప్రయాణానికి మంచి ముహూర్తం కావాలంటే మొహమాటపడకండి," అని సోమయాజులుగారు పరామర్శించారు.

ఆ సాయంత్రం టీవీలో హాస్య నాటిక వేశారు. ఆ కొత్త హాస్యం ఎలా పనిచేస్తుందో చూద్దామని పేరిశాస్త్రి తెర వదిలేసి రాజావారి మొహమే చూస్తూ కూర్చున్నాడు. నాటిక అయిపోయినా రాజావారి పెదవి కదల్లేదు. చెయ్యి మాత్రం మెల్లిగా మెడ వెనక్కి పోయింది. చుట్టూ చూస్తే ఆస్థానమంతా గడ్డాలు పైకెత్తి, నోళ్ళు తెరిచి, మెడలు రుద్దుకుంటోంది.

'అమ్మయ్య, తప్పంతా నా హాస్యానిదే కాదన్నమాట,' అనుకున్నాడు పేరిశాస్త్రి. 'మెడ పట్టేసినవాణ్ణి బ్రహ్మదేవుడు కూడా నవ్వించలేడు.'

కానీ టీవీ ఎత్తు తప్పని చెప్పేదెలా? దానికి భేష్ అన్నది సాక్షాత్తూ రాజావారు. ఆ మాట తప్పనడం కన్నా చాప చుట్టుకోవడమే సుఖం.

మర్నాడు అందరూ దర్బారు ఆనవాయితీ ప్రకారం తలో నిమ్మపండు రాజావారి చేతిలో పెట్టి కూర్చున్నారు. టీవీలో వార్తలు మొదలయ్యాయి. పేరిశాస్త్రి అందరికన్నా ఆఖరున వచ్చాడు. రాజావారిని దాటుకుని నేరుగా టీవీ దగ్గరికి నడిచాడు. వంగి దణ్ణం పెట్టాడు. మునివేళ్ళ మీద లేచి, వార్తలు చదివే అమ్మాయికి నిమ్మపండు ఇవ్వబోయాడు. అందలేదు. ఎగిరాడు. పంచె జారింది. ఒక చేత్తో పంచె, ఒక చేత్తో పండు పట్టుకుని మళ్ళీ ఎగిరాడు.

"శాస్త్రీ, మతిగాని పోయిందా?" రాజావారు గర్జించారు. "నిమ్మపండు ఇవ్వాల్సింది ప్రభువుకి!"

"చిత్తం. ఇద్దామనే ఎగురుతున్నాను, అందడం లేదు."

"ఆ పిల్ల ప్రభువేమిటయ్యా?"

"ఆవిడ పైనుంచి చూస్తోంది. తమరు కిందనుంచి చూస్తున్నారు. మరి దర్బారు ఎవరిదంటారు?"

సోమయాజులుగారు ఒక్క ఉదుటున వెళ్ళి, టీవీకి కాపలాగా గోడకి వీపు ఆనించి నిలబడ్డారు. "అపచారం! ప్రభువుల తల వంగనే లేదు!"

"వంగలేదండీ, ఎత్తారు," అని పేరిశాస్త్రి రాజావారి వైపు తిరిగాడు.

"ఈ ఊళ్ళో గడ్డం పైకెత్తి చూసేది ఇన్నాళ్ళూ ఇద్దరమే ప్రభూ. వాన కోసం రైతు, తమ కటాక్షం కోసం నేను. మూడోవారు తమరెప్పుడయ్యారు?"

రాజావారి మీసం అదిరింది. పేరిశాస్త్రి మనసులోనే చాప సగం చుట్టేశాడు.

రాజావారు పకాలున నవ్వారు. నవ్వుతూనే "అబ్బా!" అని మెడ పట్టుకుని, మళ్ళీ నవ్వారు.

"నిజమేనయ్యా! రాజ్యం పోయినా దర్జా మిగిలిందని మురుస్తున్నాను. రోజూ వార్తల వేళకి అర్జీదారులా కూర్చుంటున్నానన్నమాట! సరే, ఎక్కడ పెట్టమంటావు?"

"తమరు టీవీ నిలబడి చూస్తారా, కూర్చుని చూస్తారా?"

"కూర్చునే."

"కొలత మాత్రం నిలబెట్టి తీశారు."

సోమయాజులుగారికి దగ్గు వచ్చింది.

పేరిశాస్త్రి చెప్పినట్టే రాజావారు తలపాగా తీసి, కుర్చీలో హాయిగా వెనక్కి వాలి, కళ్ళు మూసి తెరిచారు. చూపు తిన్నగా వెళ్ళి సోమయాజులుగారి బొజ్జ మీద ఆగింది.

"అక్కడే ప్రభూ! తెర నడిమి భాగం సరిగ్గా అక్కడికి రావాలి," అంటూ పేరిశాస్త్రి బొగ్గు ముక్క అందుకుని, ఆ బొజ్జకి అటూ ఇటూ గోడ మీద గీత లాగాడు.

దర్బారంతా మెడలు పట్టుకుని మరీ నవ్వింది. రాజావారు తన పట్టు శాలువా తీసి పేరిశాస్త్రి భుజాల మీద కప్పారు.

"నీ చాప ఇక్కడి నుంచి కదలదు," అని, గోడ వైపు తిరిగారు. "సోమయాజులుగారూ, మీరూ కదలకండి. వడ్రంగి వస్తున్నాడు."