దివాన్‌గారి గుర్రానికి గుంజ

దివాన్ నరసోజీ మేడ కొండవాలు మీద ఉండేది. ఆ వాలు జారిపోకుండా దాని కింద ఒక రాతిగోడ ఆపేది. గోడ కింద కాపురముండేవాళ్ళలో పోలప్ప ఒక్కడే మిగిలాడు. మిగతావాళ్ళు గోడ కడుపు ఉబ్బడం చూసి ఎప్పుడో వేరే చోటికి మారిపోయారు. మావాళ్ళకు ధైర్యం ఎక్కువే, పరుగు ఇంకొంచెం ఎక్కువ.

గోడ బాగుచేయించమని పోలప్ప దివాన్‌ని అడిగాడు.

"ఒక్క మనిషి కోసం అంత రాయి దేనికిరా?"

"చిత్తం దొరా. అయితే పైనుంచి నా వాకిట్లో పడ్డదంతా నాదేనని నలుగురిలో సెలవివ్వండి."

మట్టే కదా అని దివాన్ నవ్వి ఒప్పుకున్నాడు. నలుగురూ నవ్వారు. దివాన్ నవ్వితే నవ్వడం వాళ్ళ ఉద్యోగం.

మర్నాడు దివాన్ పైనుంచి చూస్తే, పోలప్ప వాకిట్లో గుంజ పాతి పచ్చగడ్డి పరుస్తున్నాడు.

"ఎవరికిరా అది?"

"మీ గుర్రానికి దొరా. గోడ బీటలిచ్చింది సరిగ్గా దాని శాల కిందే. ముసురు పడితే అదే ముందు దిగుతుంది. మేడ రావడానికి ఇంకో నాలుగు వానలు పట్టొచ్చు."

మధ్యాహ్నానికల్లా ఇరవైమంది రాతిపనివాళ్ళు దిగారు. పదిరోజులు పోలప్ప వాకిలి అంబలి కుండలతో, కబుర్లతో కళకళలాడింది. గోడ గట్టిపడింది. పనివాళ్ళు వెళ్ళిపోయారు, వాకిలి మళ్ళీ బోసిపోయింది.

మూడోనాడు పోలప్ప ఆ కొత్త గోడలోంచి, ఏ బరువూ మోయని చిన్న రాయి ఒకటి మెల్లగా ఊడదీయడం నేను చూశాను. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని, గోడ మళ్ళీ పాడైందని చెప్పడానికి దివాణానికి బయల్దేరాడు.