నివురుదిబ్బ అమ్మవారు, పడవకు గీసే బూడిద గీత

ఏరు సముద్రంలో కలిసే చోట నివురుదిబ్బ ఉన్నది. ఇక్కడి అమ్మవారికి విగ్రహం లేదు. గర్భగుడిలో ఒక రాతి పొయ్యి, దాని నిండా నివురు, ఆ నివురు కింద ఆరని నిప్పు. ఈ గుడిలో సోదె చెప్పరు. పూవు రాలితే శుభమా, అశుభమా అని అడగరాదు. అడిగితే అమ్మకు కోపమని కొందరంటారు. కోపం కాదు నాయనా, దుఃఖం.

పూర్వం ఇక్కడ యవనుల ఓడలు ఆగేవి. ఒకనాడు అలాంటి ఓడలోంచి రోమాపురి సభలో పెద్దగా వెలిగిన వరీనుడు, ఆయన ఇల్లాలు పపీరియ దిగారు. పగవారు దేశం నుంచి వెళ్ళగొట్టగా కట్టుబట్టలతో వచ్చిన దంపతులు వారు. ఆ తల్లి తన ఇంటి పొయ్యిలోని నిప్పును మాత్రం కుండలో కాపాడుకుంటూ సముద్రాలు దాటించింది. బెస్త ఇల్లాలు మూలసిరి చూపిన దిబ్బ మీద పాక వేసుకొని, ఆ నిప్పుతోనే భర్తకు వండిపెట్టేది.

కొంతకాలానికి రోమాపురి నుంచి కబురు వచ్చింది. శిక్ష రద్దయింది, వెంటనే రావలెనని! వరీనుడు పొంగిపోయాడు. పపీరియకు గుండెల్లో రాయి పడింది. పిలిచింది మిత్రులా, కాచుకున్న పగవారా? ముద్ద దిగదు, కంటికి కునుకు రాదు. ఆమె వాలకం చూసి మూలసిరి ఊరుకోలేకపోయింది.

"దొరసానమ్మా, ముఖం అలా పీక్కుపోయిందేమి? భయమైతే అయ్యగారితో చెప్పరాదూ?"

"పెద్దమనిషి భార్య పిరికిదంటారు మూలసిరీ."

"అననీ! అన్న నోళ్ళు మనకు కూడు పెడతాయా?"

ప్రయాణం నాటి ఉదయం పపీరియ పూజ ముగించి పొయ్యిలో పాలు చిలకరించింది. చల్లారిన నివురులోంచి భగ్గున మంట లేచింది. వారి దేశంలో అది జయసూచన. వరీనుడు మురిసిపోయి, "ముందు నేను వెళ్ళి ఇల్లు చక్కబెట్టి నిన్ను పిలిపిస్తాను. ఇంతకూ నీ మనసేమంటోంది?" అని అడిగాడు. వద్దు వద్దని ఆమె మనసు మొత్తుకుంటూనే ఉన్నది. అయినా, "అగ్నే చెప్పింది కదా, వెళ్ళిరండి" అన్నది.

ఓడ వెళ్ళింది. తెరచాప కనబడితే చాలు, ఆమె పొయ్యి విడిచి ఒడ్డుకు పరుగెత్తేది. మరుసటి ఏడు వచ్చిన నావికులు తలలు వంచుకొని చెప్పారు. కబురు పంపినది పగవారే. రేవులో కాలు పెట్టగానే ఆయనను చంపారు.

"నిప్పు మాట విన్నాను, నా ప్రాణం మాట వినలేదే!" అని పపీరియ పొయ్యి ముందు కుప్పకూలింది. ఆ నిప్పును కాచుకుంటూనే ఈ దిబ్బ మీద కన్నుమూసింది. తరువాత ఆమె నివురమ్మగా మూలసిరికి కలలో కనిపించి ఇలా ఆనతిచ్చింది: "నన్ను శకునం అడగకండి. బెంగ పుట్టిన ఇల్లాలు నా నివురు తీసి మగని పడవకు గీయాలి. ఆ పడవ ఆనాడు కదలరాదు."

నేటికీ ఇక్కడ ఇదే ఆచారం. పడవ ముక్కున బూడిద గీత కనిపిస్తే మగవాడు ఎందుకని అడగడు, ఇరుగుపొరుగు నవ్వరు. నిజానికి చాలాసార్లు ఏ ఆపదా రాదు. సముద్రం చాప పరిచినట్టు ఉంటుంది. పక్కింటి పడవ నిండా చేపలతో వస్తుంది. గీత గీసిన ఇంట ఆ పూటకు గంజే గతి. ఆ గంజిని ఆలుమగలు ఎదురెదురుగా కూర్చొని తాగుతారు. పపీరియమ్మకు దక్కనిది అదే. దిబ్బ ఎక్కి దణ్ణం పెట్టిన ప్రతి ఇంటికీ నివురమ్మ ఆ గంజిని ప్రసాదించుగాక.