ఇంకొంచెం గట్టిగా

"వోల్టేజీ పెంచడం చేతనైంది మాస్టారూ. ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది?" అని హైమవతి ఒకనాడు అడిగింది.

కూర్మారావు మాస్టారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. పలాస బస్టాండు వెనక ఆయన రిపేరు కొట్టులో పని నేర్చుకున్నవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. హైమవతి చేతిలో ఉన్నది వోల్టేజీ పెంచే చిన్న బోర్డు. ఒక చివర చిన్న బ్యాటరీ తగిలించి, మీదున్న ఇత్తడి స్క్రూ తిప్పుతూ పోతే రెండో చివర వోల్టేజీ పెరుగుతుంది. మాస్టారు ఆ బోర్డు వంక చూసి, "మీటరు చూసుకో" అని మాత్రం అని టీ తాగడానికి వెళ్లారు. అదీ ఒక జవాబేనా అనుకుంది హైమవతి.

ఆయన అటు వెళ్లగానే సింహాద్రప్పడు వచ్చాడు. జీడిపప్పు బట్టీలో పనిచేసి వేళ్లు నల్లబడిపోయిన ముసలివాడు. తువ్వాలు విప్పి, భార్య గౌరమ్మ ఫొటో ఉన్న ఫ్రేము బల్ల మీద పెట్టాడు. మీట నొక్కితే ఆమె మాట వినిపించే ఫ్రేము అది. ఆమె బతికుండగా మనవరాలు సరదాకి రికార్డు చేసింది. ఇప్పుడు లోపలి బ్యాటరీలు కారి, వాటి గూడు తుప్పు పట్టిపోయింది.

హైమవతి తుప్పంతా గీకేసింది. వేరే బ్యాటరీకి ఆ బోర్డు జోడించి, మీటరు పెట్టి, ఫ్రేముకు ఎంత కావాలో సరిగ్గా అంతకు తిప్పింది. మీటరు తీసి పక్కన పెట్టి, తీగలు కలిపి మీట నొక్కింది.

"తలుపు గెడెట్టినావా? మాత్తరేసుకున్నావా?"

"ఏసుకున్నానే," అన్నాడు సింహాద్రప్పడు ఫొటోతో. తర్వాత హైమవతి వైపు తిరిగి, "ఇంకొంచెం గట్టిగా పెట్టమ్మా. నాకు చెవుడు," అన్నాడు.

మీటరు అందుకుని మళ్లీ తగిలించాలి. ఆ కాసేపు కూడా ఆయన్ని ఆపడానికి ఆమెకు మనసొప్పలేదు. స్క్రూ కొద్దిగా తిప్పి మళ్లీ మీట నొక్కింది. గౌరమ్మ గొంతు పెరిగింది. ముసలివాడి ముఖం విచ్చుకుంది. "ఇంకొంచెం తల్లీ," అన్నాడు. ఆమె తిప్పింది. ఈసారి తేడా ఏమీ తెలియలేదు. ఇంకా తిప్పింది. ఆ స్క్రూ కాస్త దూరం ఊరికే తిరిగి, ఉన్నట్టుండి అందుకుంటుంది. గౌరమ్మ "తలుపు" అంది. చిన్న చప్పుడైంది. ఫ్రేము వెనకనుంచి సన్నగా పొగ లేచింది.

సింహాద్రప్పడు మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు. "బేటరీ అయిపోనాదా అమ్మా?"

"కాలిపోయింది తాతా. మాట దాచుకునే ముక్కే కాలిపోయింది."

"మరి రేపొస్తే?"

హైమవతి తల అడ్డంగా ఊపింది. ఆయన తిట్టినా బాగుండును. ఫ్రేమును పదిలంగా తువ్వాల్లో చుట్టుకుని, గుమ్మంలో నిలబడి ఉన్న మాస్టారిని తప్పుకుని వెళ్లిపోయాడు.

మాస్టారు ఎప్పుడు వచ్చారో ఆమె చూడలేదు.

"ఆయనే అడిగాడు మాస్టారూ, ఇంకొంచెం గట్టిగా కావాలని. పాపం, చెవుడట. నేనేం చెయ్యాలి?" అంది.

మాస్టారు కాలిన వాసనకి కిటికీ తెరిచారు. ఇటు తిరిగి అన్నారు:

"ఫ్రేము తీసి ఆయన చెవి దగ్గర పెట్టాల్సింది."