ఓబులేసు పెట్టిన స్విచ్చి

ఓబులేసుకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు తిండి కూడా సరిగ్గా తినకుండా తాను బిగించిన వైరును ఉస్తాద్ హైదర్‌వలీ కటింగ్ ప్లేయరుతో టక్కున తెంపేశాడు. అదీ నలుగురు డ్రైవర్ల ముందు.

నంద్యాలలో కార్ల కరెంటు పనికి హైదర్‌వలీ షెడ్డుకు మంచి పేరు. ఓబులేసు అక్కడ ఆరేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. ఈమధ్య అతనికొక ఆలోచన తట్టింది. బ్యాటరీని నింపే డైనమోను తిప్పడానికి ఇంజను కొంత పెట్రోలు తాగుతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నంతసేపు డైనమోను ఆపేస్తే? టాక్సీ నడిపే సుంకన్న బండిలో, స్టీరింగు కింద ఒక స్విచ్చి పెట్టి చూశాడు. లీటరుకు కిలోమీటరు ఎక్కువే వచ్చింది. టాక్సీ స్టాండంతా అదే మాట.

అయితే డైనమో ఆపినప్పుడల్లా డ్రైవరు ముందు బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగేది. సుంకన్న విసుక్కున్నాడని ఆ దీపం వైరు కూడా పీకేశాడు. ఉస్తాద్ మండిపడింది దానికే.

"డయాలసిస్ వాళ్లను ఎక్కించుకొని వారానికి మూడుసార్లు నల్లమల ఘాట్ రోడ్డు దాటే బండిరా ఇది! దీపం పీకుతావా?"

"వానొచ్చినా, లైట్లేసినా స్విచ్చి వేసుకోమని సుంకన్నకు చెప్పినాను. అంతే కదా ఉస్తాద్!"

"అంతేనా?"

"అంతే! ఆ మాత్రం గుర్తుండదా మనిషికి? నీకు తట్టనిది నాకు తట్టిందని కడుపుమంట. అది చెప్పు!"

ఆరేళ్లలో గురువును 'నువ్వు' అనడం అదే మొదటిసారి. డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకొని నేలచూపులు చూశారు. నోటికి అదుపు లేనివాడికి ఎంత పనితనం ఉండి ఏం లాభం?

ఉస్తాద్ ముఖం నల్లబడింది. తెంపిన వైరును తనే కలిపి టేపు చుట్టాడు. సుంకన్న బండి తాళాలు ఓబులేసు మీదికి విసిరాడు.

"పద, గిద్దలూరు దాకా. నువ్వే నడుపు. నీ మాట నిలబడితే స్టాండులో బండ్లన్నిటికీ పెట్టు. పక్కన నిలబడి వైర్లు నేనందిస్తా."

ఊరు దాటగానే ఓబులేసు డైనమో స్విచ్చి ఆపాడు. బండి తేలికగా సాగింది. చూశావా అన్నట్టు గురువు వైపు చూశాడు.

ఉస్తాద్ ఏసీ పెంచాడు. తర్వాత మొదలుపెట్టాడు. బండి గురించి కాదు.

"మీ నాయన నిన్ను తెచ్చిన రోజు ఏమన్నాడో తెల్సా? వీడు యాడా నిలబడడు, ఇక్కడన్నా పడుండనీ అన్నాడు."

"మా నాయన అట్ల అనడు!"

"అన్నాడు. పోయిన నెల నువ్వు చేసిన ట్రాక్టరు పని, నువ్వు ఇంటికి పోయినాక మళ్లీ నేను చేసినా."

"అబద్ధం!"

నల్లమల అడవిలో ఘాట్ రోడ్డు ఎక్కేసరికి ఓబులేసు గొంతు చించుకుంటున్నాడు. మండుటెండల్లో లారీల కింద దూరిన రోజులు, షెడ్డులోనే గడిచిపోయిన పండుగలు, అన్నీ బయటికొచ్చాయి.

"ఒక్కసారన్నా బాగా చేసినావురా అన్నావా? ఒక్కసారి!"

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతలో వాన దంచికొట్టింది. వైపర్లు వేశాడు, లైట్లు వేశాడు. అరుపు మాత్రం ఆపలేదు.

కొండ మలుపులో వైపర్లు అద్దం మధ్యలో ఆగిపోయాయి. ముందు దారి కనబడలేదు. ఎదురుగా లారీ హారను. ఓబులేసు బ్రేకు తొక్కి బండిని కొండ వైపుకు తిప్పి ఆపాడు. లారీ వీళ్ల బండి పక్క అద్దాన్ని విరగ్గొట్టుకుంటూ వెళ్లిపోయింది.

  ఉస్తాద్ వంగి, స్టీరింగు కింద తడిమి, స్విచ్చి వేశాడు. కాసేపటికి వైపర్లు ఈడ్చుకుంటూ కదిలాయి.

ఓబులేసు ఆ స్విచ్చి వైపు చూశాడు. వానొచ్చినప్పుడు తను వేయడం మరిచింది దాన్నే.

"స్విచ్చి పెట్టినోనివి నువ్వు," అన్నాడు ఉస్తాద్, విరిగిన అద్దం వైపు చూస్తూ. "సుంకన్న వట్టి డ్రైవరు. వానికీ కోపమొస్తాది."