డాబా మీద కళ్ళాపి

అంకారావు మాస్టారికి ఒక అలవాటు ఉంది. "ఎన్ని", "ఎంత", "ఎప్పుడు" అంటూ ఎవరైనా ప్రశ్న వేస్తే చాలు, వినపడనట్టు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటారు. ఐటీఐలో ముప్పై ఏళ్ళు కరెంటు పని నేర్పిన మనిషికి ఆ మాత్రం లెక్కలు రాక కాదు. అంకె చెబితే రాసుకుంటారనీ, రాసుకున్నాక ఇక కళ్ళు తెరిచి చూడరనీ ఆయన అనుమానం. రిటైరయ్యాక పల్నాడులోని సొంత ఊరు చేరి, ఇళ్ళ మీద సోలార్ ప్లేట్లు బిగిస్తూ, అడిగినవాళ్ళకి ఆ పని నేర్పుతున్నారు. ఆయన మౌనానికి విసిగి నెలలో పారిపోయిన శిష్యులే ఎక్కువ. నిలిచినవాళ్ళలో సువార్త ఒకతె. ముప్పై ఏళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, చేతి పని దిట్టం. మాట మాత్రం కుండబద్దలు కొట్టినట్టు ఉంటుంది.

ఒక సాయంత్రం సువార్త ఆ అడగకూడని ప్రశ్నే అడిగింది.

"మాస్టారూ, ఈ ప్లేట్లని ఎన్ని రోజులకోసారి కడగాలి? ఏ ఇంటికెళ్ళినా ఇదే అడుగుతున్నారు. ఒకరు వారానికంటారు, ఇంకొకరు మూడు నెలలకంటారు. ఫోనులో చూస్తే ఎవరు పట్టిన కుందేలుకి వాళ్ళు మూడే కాళ్ళంటారు. మీరొక్క మాట చెప్పండి, నేను అందరికీ అదే చెప్పేస్తా."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "రేపు పొద్దున్నే గురవమ్మ ఇంటికి పోతున్నాను, నువ్వూ రా" అన్నారు. సువార్తకి ఒళ్ళు మండింది గానీ, వస్తానంది.

ఆ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. చుట్టూ సున్నపు బట్టీలు, ముగ్గు మిల్లులు. అక్కడ వేపాకు పచ్చగా కనిపించేది వానలు పడే రెండు నెలలే, తక్కిన పది నెలలూ అది తెల్లాకే. గురవమ్మ భర్త ఏడుకొండలు ఇరవై ఆరేళ్ళు బట్టీలో కాల్చిన సున్నం ఎత్తాడు. ఆ సున్నమే అతని ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఇప్పుడు మంచం దిగలేడు, ముక్కుకి గొట్టం, పక్కన ఆక్సిజన్ మిషను. మిల్లులు తిరిగినంతసేపు ఆ వీధిలో వోల్టేజి చాలక మిషను కూత పెట్టి ఆగిపోతుంటే, పగటిపూట అది ప్లేట్ల మీదా బ్యాటరీ మీదా నడిచేలా పోయిన దీపావళి వెళ్ళాక మాస్టారే బిగించి ఇచ్చారు. నాలుగు నెలలు బాగానే నడిచింది. ఈ మధ్య మధ్యాహ్నం మూడింటికల్లా బ్యాటరీ అయిపోతోంది. మొన్న మిల్లులు ఆగేదాకా మూడు గంటలు గురవమ్మ తాటాకు విసనకర్ర పట్టుకుని కూర్చుందట. ఆయన పెదాలు నల్లబడ్డాయట.

మర్నాడు మాస్టారూ సువార్తా వెళ్ళేసరికి గురవమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లడం ముగించింది. బకెట్లో మిగిలిన నీళ్ళు పట్టుకుని, మోకాలి మీద చెయ్యి వేసుకుంటూ మెట్లెక్కింది. వెనకే వీళ్ళూ ఎక్కారు. డాబా మీద నాలుగు ప్లేట్లు. గురవమ్మ వాకిట్లో చల్లినంత శ్రద్ధగానే ప్లేట్ల మీద కూడా దోసిళ్ళతో నీళ్ళు చల్లి, తడిపిన పాత చీరముక్కతో తుడిచింది. కొత్త పెళ్ళికూతురి ముఖం తుడిచినట్టు తుడిచింది.

"చూశారుగా అయ్యా, దీనిలో నా లోపమేం లేదు. బిగించిన నాటినుంచి ఒక్క పూట మానలా. బ్యాటరీ తగ్గుతోందని ఈ నెలనుంచి సాయంత్రం కూడా కడుగుతున్నా" అంది.

సువార్త వంగి, ప్లేటు మీద గోరు పెట్టి గీసింది. గోటికింద తెల్లటి పెచ్చు లేచింది. పైన పడింది ఉత్త దుమ్ము కాదు, సున్నం. దాని మీద కాసిన్ని నీళ్ళు చల్లి గుడ్డతో పులిమితే ఏమవుతుందో గోడకి వెల్ల వేసిన వాళ్ళకెవరికైనా తెలుసు. ఒక్కో పూటా ఒక్కో పలచని పూత, ఐదు నెలలుగా. ప్లేట్ల మీద పడాల్సిన ఎండని ఆ ఇల్లాలే, భర్త ఊపిరి నిలబెట్టాలని, రోజూ తన చేతులతోనే కప్పెట్టుకుంటూ వచ్చింది.

సువార్త నోరు ఊరుకునేది కాదు. "అయ్యో పెద్దమ్మా, ఇదంతా నువ్వే..." అని మొదలుపెట్టింది.

"సువార్తా, కింద నా సంచిలో వెనిగరు సీసా ఉంది, తీసుకురా" అన్నారు మాస్టారు. ఆ గొంతు ఎప్పటిలా లేదు. సువార్త మాట మింగేసి కిందకి దిగింది.

ఆమె తిరిగి వచ్చేసరికి మాస్టారు గురవమ్మతో చెబుతున్నారు. "తప్పు నాదమ్మా. సున్నం రాలే ఊళ్ళో ముందు పొడిగుడ్డతో దులపాలి, ఆ తరవాత నీళ్ళు ధారగా పొయ్యాలి. ఆ సంగతి బిగించిన రోజే నీకు చెప్పాల్సింది. తొందరలో చెప్పకుండా వెళ్ళిపోయాను." గురవమ్మ ఆయన్ని నమ్మిందో లేదో తెలీదు. తన చేతిలోని చీరముక్క వంక కాసేపు చూసి, దాన్ని మడిచి బొడ్లో దోపుకుంది.

ఎండ ఎక్కకముందే ఇద్దరూ పని ముగించారు. వెనిగరు కలిపిన నీళ్ళతో నానబెట్టి, మెత్తటి గుడ్డతో పెచ్చులు వదిలించి, పది బకెట్లు ధారగా పోశారు. అద్దం నల్లగా మెరిసింది. తొమ్మిదింటికి కింద మీటరు చూస్తే నిన్న ఇదే వేళకి నమోదైనదానికి రెండింతలు చూపిస్తోంది. మిషను హాయిగా ఒకే శ్రుతిలో తిరుగుతోంది. మంచం మీదినుంచి ఏడుకొండలు చెయ్యి ఎత్తి దణ్ణం పెట్టాడు.

సువార్తకి ప్రాణం లేచివచ్చింది. "ఇంక నెలదాకా ప్లేట్లు ముట్టుకోబోకు పెద్దమ్మా. నెలకోసారి, అంతే. నీ మోకాళ్ళకీ సుఖం" అంది.

గురవమ్మ ముఖం చిన్నబోయింది. సంతోషించాల్సిన మనిషి గోడకి ఆనుకుని కూలబడింది.

"నెలదాకా నన్నేం చెయ్యమంటావే తల్లీ? పక్కన ఆయన ఆయాసపడతంటే చేతులు ముడుచుకు కూకోమంటావా? ఆయనకి ఊపిరి పొయ్యటం నా చేతిలో లేదు. పొద్దున్నే పైకెక్కి ఆ నాలుగిటినీ కడిగొస్తే, ఏదో ఇవాళ్టికి పోసొచ్చినట్టు ఉండేది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సువార్త మళ్ళీ మీటరు వంక చూసింది. మీటరు చదవడం వచ్చినంత మాత్రాన అన్నీ చదవడం రాదు కదా. మాస్టారు మాత్రం మంచం దగ్గరికి వెళ్ళి ఏడుకొండల్ని అడిగారు.

"ఏమయ్యా, సున్నం వేలికంటితే పైన అది ఎంత మందాన పేరుకుందో చెప్పగలవా?"

ఏడుకొండలు నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది, అయినా నవ్వాడు. "సున్నం సంగతి నన్నే అడుగుతున్నారా అయ్యా? ఏ బట్టీదో కూడా చెబుతా" అన్నాడు ఆగి ఆగి.

"అయితే మీ ఇద్దరికీ ఒక పని. గురవమ్మా, రోజూ పొద్దున్నే పైకెళ్ళు. నీళ్ళు తీసుకెళ్ళబోకు. ప్లేటు కింది అంచున పొడి వేలు ఒక్కసారి రాసి, ఆ వేలు తెచ్చి ఈయనకి చూపించు. ఈయన కడగమంటే కడుగు, ఉండనిమ్మంటే ఉండనియ్యి. ఈయన మాటే మాట."

గురవమ్మ కొంగు దించింది. "ఈయన మాట నేనెప్పుడు విన్నా గనక" అంది. ఏడుకొండలు మళ్ళీ నవ్వాడు. ఆ ఇంట్లో చాలా రోజులకి నవ్వు వినపడిందని పక్కింటివాళ్ళు తరవాత చెప్పుకున్నారు.

తిరిగి వస్తూ దారంతా సువార్త ఆ మెట్లే మనసులో లెక్కపెట్టుకుంది. ఊరి మొదట్లో టీ కొట్టు దగ్గర ఆగాక ఇక పట్టలేకపోయింది.

"ఆమె మోకాళ్ళు చూశారుగా మాస్టారూ. పద్దెనిమిది మెట్లు. నెలకోసారి సరిపోయేదానికి రోజూ ఎక్కమన్నారేం?"

మాస్టారు టీ గ్లాసు పక్కన పెట్టారు. ఈసారి కళ్ళజోడు తియ్యలేదు.

"ప్లేట్లకయితే అక్కర్లేదు" అన్నారు.