పాచి చేసిన పాచిపని

ఒకప్పుడు పాచికి రంగూ లేదు, పేరూ లేదు. ఒక వాగులో, నీళ్ళలో నీళ్ళలాగే ఉండేది. చేపలు దాన్ని తోసుకుంటూ పోయేవి గానీ, ఒక్కటైనా ఆగి "ఎవరే నువ్వు?" అని అడిగిన పాపాన పోలేదు. పాపం, దానికి అదే దిగులు.

ఆ వాగు ఒడ్డునే కంచరి కాళమ్మ కొలిమి ఉండేది. ఆవిడ రాగి బిందెలు చేసేది. చింతపండు పెట్టి వాటిని తళతళలాడేదాకా తోమి, కడిగిన నీళ్ళు వాగులోకి వదిలేసేది. తప్పని ఆవిడకేం తెలుసు? వాగు నెమలికంఠం రంగుకి తిరిగితే, ఎంత బావుందోనని మురిసిపోయేది కూడాను.

ఆ నీళ్ళలోని రాగి విషానికి అడుగున పరిగెమ్మ అనే చిన్న చేప అల్లాడిపోతోంది. దాని పిల్లలు ఒక్కొక్కటే వెల్లకిలా తేలిపోతున్నాయి. సాయం చెయ్యమని పీతనడిగితే పీత బొరియలో దూరింది. నత్తనడిగితే నత్త గుల్లలో దూరింది. ఇంకెవర్నడగాలో తెలియక పరిగెమ్మ ఏడ్చింది.

"ఏడవకు వదినా. ఆ రాగి నేను తాగేస్తాను" అన్నారెవరో పక్కనుంచి. చూస్తే మన పేరులేనిదే.

"నీకు నోరే లేదుగా!"

"లేకపోతేనేం? ఒళ్ళంతా నోరే."

అన్నట్టే తాగింది. పొద్దస్తమానం ఎండ కాగుతూ తాగింది. తాగేకొద్దీ ఒళ్ళంతా చిలుము పట్టిన చెంబులా పచ్చబడింది, బరువెక్కింది. నీళ్ళు తేటపడ్డాయి. మిగిలిన పిల్లలు తోకలాడించాయి. దాని ఒంట్లోనే ఏం బాగాలేదు.

మర్నాడు కాళమ్మ నీళ్ళకొచ్చి ఆ పచ్చటిదాన్ని చూసింది. ఇదేం దరిద్రమని విసుక్కుంటూ గుప్పెళ్ళతో పీకి గట్టున పారేసింది. ఒక్క పోగు మాత్రం ఎంత లాగినా రాలేదు, రాతిని కరుచుకుని ఉండిపోయింది. నేను కూడా పోతే ఈ పిల్లల్ని ఎవరు చూస్తారని దాని బెంగ.

గట్టున ఎండినది పిడకలతోపాటు కొలిమిలోకి పోయింది. సాయంత్రం బూడిద ఎత్తుతుంటే కాళమ్మ చేతికి ఎర్రటి పూసలు తగిలాయి. రాగి! పొద్దుటినుంచీ కొలిమిలో రాగే పెట్టలేదే అనుకుంది. ఆ కాలిన పోగుల్ని చూసింది, తేటగా ఉన్న వాగుని చూసింది. తను పారబోసిందంతా మింగి, దాచి, మళ్ళీ తనకే ఇచ్చిందెవరో అర్థమయ్యేసరికి ఆవిడ గుండె కలుక్కుమంది.

గబగబా వాగులోకి దిగి, ఆ మిగిలిన పోగుని వేలితో నిమిరింది.

"పొద్దున్నే లేచి అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి నేను ఇంట్లో పాచిపని చేసుకుంటాను. వాగుకి పాచిపని నువ్వు చేస్తున్నావా తల్లీ? తెలియక నిన్ను కాల్చుకున్నానే" అంది.

ఆ రోజే కొలిమి పక్కన గుంట తవ్వింది. పోగులోంచి చిటికెడు తుంచి అందులో వేసింది. ఇక కడిగిన నీళ్ళన్నీ ముందు ఆ గుంటలోకే. తేటపడ్డాకే వాగులోకి. పాచిపని చేసేది గనక ఊళ్ళో అందరూ దాన్ని పాచి అన్నారు. పేరొచ్చిందని అది ఎంత సంబరపడిందో.

అప్పటినుంచే పాచి పచ్చగా ఉంటుంది, పట్టుకున్న రాయిని వదలదు. చేపలు మూతి పెట్టి దాన్ని పొడుస్తుంటే మేస్తున్నాయనుకుంటాం. మేత కాదర్రా, ముద్దు.