జంట మాటల ఉత్తరం

ఆ ఉదయం భుజంగరావుకి కాలు నిలవడం లేదు. లండన్‌కి ఉత్తరం రాయాలి. ఇప్పటికి మూడు చిత్తులు రాసి మూడూ చించేశాడు. కుర్చీలోంచి లేస్తాడు, వసారా చివరిదాకా నడుస్తాడు, మళ్ళీ వచ్చి కూలబడతాడు.

ముప్పై ఏళ్ళు కాలేజీలో ఇంగ్లిషు చెప్పి, రిటైరయ్యాక పాపయ్యగారికి శిష్యుడై ఆశ్రమంలో చేరినవాడు. ఆశ్రమానికి ఇంగ్లిషులో వచ్చే ఉత్తరాలన్నిటికీ జవాబులు రాసేది భుజంగరావే.

ఇప్పటి చిక్కంతా సుందరమ్మ గురించి. పదకొండేళ్ళుగా ఆశ్రమంలో వంట ఆవిడదే. గురువుగారు నెల్లాళ్ళు ఊళ్ళు తిరగడానికి వెళ్ళగానే, కమిటీలో కొత్తగా చేరిన ఇద్దరు పెద్దమనుషులు ఆవిడ కులం ఆరా తీసి, ఆ చేతి అన్నం మేం తినం అన్నారు. అంతే, గరిటె పోయి ఆవిడ చేతికి చీపురొచ్చింది. ఆ మీటింగులో భుజంగరావూ ఉన్నాడు. "ఇది డెలికేట్ మేటర్, నిదానంగా చూద్దాం" అన్నాడు. నిదానంగా చూడ్డానికి అందులో ఏముందో మరి. తర్వాత ఎవరూ చూడలేదు.

లండన్‌లో ఉన్న శిష్యురాలొకామె చెవిన ఇది పడింది. నిజమేనా అని రాసింది.

నాలుగో చిత్తు కుదిరింది. ఆ తెల్లవారుజామునే తిరిగొచ్చిన గురువుగారి దగ్గరికి కాగితం పట్టుకెళ్ళి, సంగతంతా చెప్పాడు.

"ఎవరూ నొచ్చుకోకుండా రాశానండి. ఇలాంటివాటికి ఇంగ్లిషులో జంట మాటలుంటాయి. సెన్సిటివ్ ఇష్యూ. థార్నీ ప్రాబ్లం. జతగానే రావాలి, అప్పుడే అందం."

"థార్నీ అంటే?" అన్నారు పాపయ్యగారు.

"ముళ్ళతో కూడినదని."

"ఎవరికి గుచ్చుకుంది?"

"అబ్బే, అదొక వాడుకండీ. ఎవరికీ గుచ్చుకోదు."

పాపయ్యగారు ఊ కొట్టి, వాకిలి ఊడుస్తున్న సుందరమ్మని కేకేశారు. "ఇలా వచ్చి కూర్చోమ్మా. భుజంగరావు లండన్‌కి ఉత్తరం రాశాడు. నీకు తెలుగులో చదివి వినిపిస్తాడు."

భుజంగరావు కాగితం విప్పాడు. తప్పేదేముంది, ఒక్కో మాటా తెలుగు చేస్తూ చదివాడు. "ఇది సున్నితమైన అంశం. తీవ్ర చర్చకు దారితీసిన ముళ్ళ సమస్య. భిన్నాభిప్రాయాల దృష్ట్యా తాత్కాలికంగా ఒక సర్దుబాటు జరిగింది."

సుందరమ్మ చీపురు పక్కన పెట్టుకుని శ్రద్ధగా వింది. అంతా అయ్యాక నిట్టూర్చింది.

"ఎవరికో పెద్ద కష్టమే వచ్చినట్టుంది. పాపం, ఎవరికి అయ్యగారూ?"

భుజంగరావు గురువుగారి వైపు చూశాడు. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆదుకునే ఉద్దేశం ఏ కోశానా లేదు.

"నీకేనమ్మా," అన్నాడు చివరికి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. "నువ్వు వండితే తినం అన్నారు. నేనక్కడే ఉండి కూడా, కాదనలేదు."

"అదా," అంది సుందరమ్మ. "అది నాకు తెలిసిందేగా. దానికి ఇన్ని మాటలెందుకు?"

భుజంగరావు కాగితం నాలుగు ముక్కలు చేసి, కొత్త కాగితం కోసం లేవబోయాడు.

"ఉత్తరం తర్వాత రాద్దువుగాని," అన్నారు పాపయ్యగారు కళ్ళు తెరిచి. "ముందు వెళ్ళి పొయ్యి రాజెయ్యి. అమ్మా, నువ్వెళ్ళి ఎసరు పెట్టు. నాకు ఆకలేస్తోంది."

కమిటీ పెద్దమనుషులిద్దరూ వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. వాళ్ళని చూసి సుందరమ్మ అడుగు వెనక్కి వేసింది.

భుజంగరావు పంచె ఎగ్గట్టి ఆవిడకంటే ముందు నడిచాడు.

"జరగండి," అన్నాడు.